గోదావరి డెల్టా పట్టణ వాగులు: వరద పరిమాణం, పునరావృతి అంచనా

పట్టణం మధ్యగా పోయే వాగులోకి ఒక భారీ వానకు ఎంత నీరు దిగుతుంది, అంత నీరు ఎన్నేళ్లకోసారి దిగుతుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పే జలవిజ్ఞాన శాఖ ఇది. వంతెన ఖానా ఎంత వెడల్పుండాలి, కల్వర్టు ఎంత ఎత్తులో కట్టాలి, ఏ లేఅవుటుకు అనుమతి ఇవ్వకూడదు, కాలువ చివర ఎన్ని మోటార్లు పెట్టాలి అన్నవన్నీ ఈ జవాబు మీదే ఆధారపడతాయి. మిగతా ప్రాంతాల్లో ఈ లెక్క ప్రధానంగా వాన లెక్క. గోదావరి డెల్టాలో అది సగమే. నీరు ఎంత వచ్చిందన్నదానితో పాటు, అది పోవాల్సిన చోట ఆ రోజు చోటుందా లేదా అన్నది ఇక్కడ ముంపును తేలుస్తుంది.

డెల్టాలోనూ దాని అంచు మెట్టలోనూ పట్టణాలను తాకే ప్రవాహాలు ఒక్క రకంవి కావు. రాజమహేంద్రవరంలో ఊరి వాన నీటినీ మురుగునూ మోసే నల్లా ఛానల్, ఆవ ఛానల్ గోదావరిలో కలుస్తాయి. ఖమ్మం వైపు కొండల్లో పుట్టిన తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలై కొల్లేటిలోకి పోతుంది. ఎర్రకాలువ నందమూరు అక్విడక్టు దాటాక యనమదుర్రు డ్రెయినుగా మారి భీమవరం మీదుగా సముద్రం దారి పడుతుంది. పిఠాపురం వైపు ఏలేరు, గొల్లప్రోలు దగ్గర సుద్దగెడ్డ ఉన్నాయి. నీరు చేరే చోటు ఒకదానికి నది, ఒకదానికి సరస్సు, ఒకదానికి సముద్రం. అంచనా పద్ధతిలో తేడాలు ఇక్కడే మొదలవుతాయి.

పెద్ద నదికి ఉన్న లెక్క

వరద పునరావృతి అన్న ఊహ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి గోదావరే మంచి పాఠం, ఎందుకంటే దాని వరదలకు రాతపూర్వకమైన చరిత్ర ఉంది. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టినప్పటి నుంచి ఇక్కడ నీటిమట్టం చూడటం కొలువులో భాగం. నేటి కాటన్ బ్యారేజీ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అన్న నాలుగు భాగాలుగా, 175 గేట్లతో ఉంది. ఇక్కడ మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ప్రవాహం లెక్కలో ఇవి వరసగా 10, 13, 17 లక్షల క్యూసెక్కులకు దగ్గరగా ఉంటాయి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. లంకల్లో చదువు రాని వాళ్లకు కూడా ఈ అంకెలు నోటికి వచ్చు. ఏ హెచ్చరికకు ఏ కాజ్‌వే మునుగుతుందో, ఎప్పుడు పశువులను గట్టెక్కించాలో వాటిని బట్టే చెబుతారు.

1953 వరద ధవళేశ్వరంలో 30 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టు 16న వచ్చిన వరద 35.06 లక్షలు. 2006 ఆగస్టులో 28.5 లక్షలు, 2022 జులైలో 25 లక్షల పైచిలుకు. ప్రతి ఏడాదీ నమోదైన అతి పెద్ద వరదను మాత్రమే తీసుకుని, పెద్దది ముందు పెట్టి వరస కడతారు. మొత్తం ఏళ్లకు ఒకటి కలిపి, ఆ వరద వరస సంఖ్యతో భాగిస్తే వచ్చేదే దాని పునరావృత కాలం. దీన్ని వైబుల్ సూత్రం అంటారు.

ఎగువన భద్రాచలం గేజితో ఇది చేసి చూడొచ్చు. 1976 నుంచి చెప్పుకునే లెక్కల్లో అక్కడ మట్టం 70 అడుగులు దాటింది మూడుసార్లు: 1986లో 75.6, 2022లో 71.3, 1990లో 70.8. 1976 నుంచి 2024 దాకా 49 ఏళ్లు. 50ని 3తో భాగిస్తే దాదాపు 17. అంటే 70 అడుగుల వరద సగటున 17 ఏళ్లకోసారి అన్నమాట. కానీ అసలు వరదలు ఆ లెక్క ప్రకారం రాలేదు. 1986కూ 1990కీ మధ్య నాలుగేళ్లు, ఆ తరువాతి దానికి 32 ఏళ్లు. సగటుకూ వాయిదాకూ ఉన్న ఈ తేడా అర్థం కాకపోవడం వల్లే పత్రికల్లో ‘వందేళ్ల వరద వచ్చి పోయింది, ఇక మన జీవితంలో రాదు’ అన్న ధోరణి కనిపిస్తుంది. వందేళ్ల వరద అంటే ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరద. ముప్పై ఏళ్ల గృహ రుణం తీరేలోపు అది ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26.

చూసిన వరదల కంటే పెద్దదాన్ని ఊహించాలంటే గణాంక వక్రరేఖ కావాలి. మన దేశంలో ఎక్కువగా వాడేది గుంబెల్ పద్ధతి. అమెరికాలో లాగ్ పియర్సన్ మూడో రకం. గుంబెల్ ప్రకారం, దీర్ఘకాలపు లెక్కలు ఉంటే, వందేళ్ల వరద అంటే సగటు వార్షిక వరదకు ప్రామాణిక విచలనాన్ని 3.14 రెట్లు చేసి కలిపినది. లెక్కలు తక్కువ ఏళ్లవైతే ఈ గుణకం ఇంకా పెరుగుతుంది. విచలనం మీద ఒక్క పెద్ద వరద వేసే ముద్ర చాలా ఎక్కువ. 1986ను కలిపి వేసిన లెక్కకూ కలపకుండా వేసిన లెక్కకూ పొంతన కుదరదు. పోలవరం స్పిల్‌వే సామర్థ్యాన్ని మొదట అనుకున్న 36 లక్షల నుంచి 50 లక్షల క్యూసెక్కులకు పెంచారంటే, అంత పెద్ద నది విషయంలో కూడా ‘ఎంత రావచ్చు’ అన్న ప్రశ్నకు జవాబు స్థిరంగా నిలవలేదనే.

కొలత లేని వాగు

పట్టణ వాగుల దగ్గరకు వచ్చేసరికి ఈ సదుపాయం ఉండదు. నల్లా ఛానల్‌కు వందేళ్ల గేజి పుస్తకం లేదు. ఏలేరుకు ఏలేశ్వరం రిజర్వాయరూ తమ్మిలేరుకు నాగిరెడ్డిగూడెం రిజర్వాయరూ వచ్చాక, దిగువ ఊళ్లు చూసే వరద సగం వాన వరద, సగం గేట్ల వరద. కట్టకముందు అంకెలనూ కట్టాక అంకెలనూ ఒకే వరసలో పెడితే గణాంకం తప్పుతుంది. అందుకే ఇటువంటి చోట్ల వాన నుంచి వరదను రాబట్టే పద్ధతులు వాడతారు.

వీటిలో పాతవి అనుభవ సూత్రాలు. ఉత్తరాదికి డికెన్స్ 1865లో, మద్రాసు రాజధానికి రైవ్స్ 1884లో ఇచ్చిన సూత్రాలు ఇప్పటికీ ఇంజినీర్ల చేతి పుస్తకాల్లో ఉన్నాయి. రైవ్స్ సూత్రంలో పరీవాహక వైశాల్యాన్ని చదరపు కిలోమీటర్లలో తీసుకుని, వర్గం చేసి, ఘనమూలం తీసి, గుణకంతో గుణిస్తారు. తీరానికి 80 కిలోమీటర్ల లోపు 6.8, 80 నుంచి 160 దాకా 8.5, కొండల దగ్గర చిన్న ప్రాంతాలకు 10.2. డెల్టా అంచున 50 చదరపు కిలోమీటర్ల వాగుకు మొదటి గుణకంతో సెకనుకు 92 ఘనపు మీటర్లు, అంటే సుమారు 3,260 క్యూసెక్కులు వస్తాయి. రెండో గుణకంతో 115. సూత్రంలో లేనిది గమనించాలి: ఇది ఎన్నేళ్లకోసారి వచ్చే వరదో అది చెప్పదు. వాన ఎంతో అడగదు. మధ్యలో ఊరుందో, చేలున్నాయో చూడదు. నూట నలభై ఏళ్ల కిందటి మద్రాసు రాజధానిలో చెరువుల అలుగులకూ వాగుల మీద వంతెనలకూ అది చాలింది. ఇప్పుడు దాన్ని వాడేది ముఖ్యంగా మరో పద్ధతిలో వచ్చిన అంకె మరీ తేడాగా ఉందేమో సరిచూసుకోవడానికే.

స్వాతంత్ర్యం తరవాత కేంద్ర జల సంఘం, రైల్వేల పరిశోధన సంస్థ, వాతావరణ శాఖ, రవాణా మంత్రిత్వ శాఖ కలిసి దేశాన్ని జలవాతావరణ ఉపమండలాలుగా విడదీసి, ఒక్కో దానికి నివేదిక తయారుచేశాయి. దిగువ గోదావరి వీటిలో 3(ఎఫ్) ఉపమండలం. కోస్తా వాగులు 4వ మండలంలో ఉంటాయి. కొలతలున్న వాగుల నుంచి యూనిట్ హైడ్రోగ్రాఫులు (ఒక యూనిట్ వానకు ప్రవాహం గంట గంటకూ ఎలా పెరిగి తగ్గుతుందో చూపే గీతలు) తయారుచేసి, కొలతలు లేని వాగుకు దాని పొడవు, వాలు, వైశాల్యాలను బట్టి అన్వయిస్తారు. ఫలితం 25, 50, 100 ఏళ్ల వరదలుగా వస్తుంది. రైలు, రోడ్డు వంతెనలకు ఇది మంచి పనిముట్టే. కానీ ఈ నివేదికలకు ఆధారమైన వాగులు పల్లెపట్టువి. సిమెంటు రోడ్లూ డాబాలూ నిండిన రెండు మూడు చదరపు కిలోమీటర్ల ముక్కకు వాటిని అంటించడం కుదరదు.

అక్కడ పనికొచ్చేది 1851లో ఐర్లండులో మల్వనీ ప్రతిపాదించిన హేతుబద్ధ సూత్రం. వాన తీవ్రత, వైశాల్యం, నేల మీద నిలవకుండా పారిపోయే నీటి వాటా అన్న మూడింటి లబ్ధమే గరిష్ఠ ప్రవాహం. ఇందులో కిటుకంతా వాన తీవ్రతను ఎంతసేపటికి తీసుకోవాలన్నదే. పరీవాహకం చిట్టచివర పడ్డ చినుకు కాలువ మూతి దగ్గరకు చేరడానికి పట్టే సమయమే ఆ వ్యవధి.

మన దగ్గర చాలాచోట్ల దొరికేది ఉదయం ఎనిమిదిన్నరకు చదివిన 24 గంటల వర్షపాతం. దాన్ని గంటకో అరగంటకో కుదించడానికి వాతావరణ శాఖ ఒక సులువు చెప్పింది: కావలసిన గంటలను 24తో భాగించి, ఘనమూలం తీసి, రోజు వానతో గుణించడం. రోజుకు 150 మిల్లీమీటర్ల వాన అనుకుంటే గంటలో 52 మిల్లీమీటర్లు, అరగంటలో 41 మిల్లీమీటర్లు పడినట్టు. అరగంటలో 41 అంటే గంటకు 83 మిల్లీమీటర్ల తీవ్రత.

ఇప్పుడు ఊరి శివారున రెండు చదరపు కిలోమీటర్ల ముక్క తీసుకుందాం. అది చేలూ తోటలుగా ఉన్నప్పుడు నీరు చేరడానికి గంట పడుతుంది, నూటికి 40 వంతులు పారుతుంది. గరిష్ఠ ప్రవాహం సెకనుకు 11.6 ఘనపు మీటర్లు. అదే ముక్క లేఅవుటై, రోడ్లు పడి, పక్కా డ్రెయిన్లు కట్టాక నీరు అరగంటలో చేరుతుంది, నూటికి 80 వంతులు పారుతుంది. అప్పుడు 36.9. వాన మారలేదు, నేల విస్తీర్ణం మారలేదు, వరద మూడింతలు దాటింది. సగం పెరుగుదల సిమెంటు వల్ల, మిగతాది నీటికి తొందర నేర్పిన డ్రెయిన్ల వల్ల. ‘డ్రెయిన్లు కట్టాం కాబట్టి ముంపు తగ్గుతుంది’ అన్న మునిసిపల్ ప్రకటన ఎగువ వీధికి నిజం, దిగువ వీధికి అబద్ధం.

పట్టణీకరణ అన్ని వరదలనూ ఒకే రీతిగా పెంచదు. 1975లో హోలిస్ పలు దేశాల అధ్యయనాలను సమీక్షించి తేల్చినదాని ప్రకారం, తరచూ వచ్చే చిన్న వరదలు పదింతల దాకా పెరగొచ్చు. వందేళ్ల వరద, పరీవాహకంలో నూటికి 30 వంతులు కప్పేసినా, రెట్టింపు దాకా పోతుంది. వానలు ముదిరాక తడిసి ముద్దయిన చేను కూడా సిమెంటులాగే నీటిని వదిలేస్తుంది కాబట్టి. పైగా డెల్టాలో వరి చేను మామూలు నేల కాదు. గట్లున్న ప్రతి మడీ కొన్ని అంగుళాల నీటిని పట్టి ఉంచే చిన్న జలాశయం. ఊరి పక్క చేలు పూడ్చి ప్లాట్లు వేస్తే పోయేది ఇంకుడు ఒక్కటే కాదు, ఈ నిలవ కూడా. భీమవరం చుట్టూ చేపల చెరువులైన పొలాల సంగతీ ఇంతే: ఎత్తయిన గట్ల మధ్య ముందే నిండి ఉన్న చెరువుకు వరద నీరు పట్టే చోటుండదు.

వాన ఒక లెక్క, పోయే దారి మరో లెక్క

తెలుగు నేల మీద పట్టణ వరదను శాస్త్రీయంగా లెక్కకట్టిన తొలి పెద్ద ప్రయత్నం హైదరాబాదుది. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన పడిందని ఆయన గుర్తించాడు. అంతకంటే ముఖ్యం, పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగాయని తేల్చాడు. అంటే ఊరిని ముంచింది వాన ఒక్కటే కాదు, గొలుసుగా తెగిన చెరువుల నిలవ కూడా. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ ఆ లెక్క ఫలితాలే.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో విజయవాడను ముంచిన బుడమేరు ఇంకో పాఠం. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర బుడమేరు నీటిని మళ్లింపు కాలువ ద్వారా కృష్ణకు పంపే ఏర్పాటుంది. ఆ కాలువ దాదాపు 15 వేల క్యూసెక్కులకే సరిపోతుంది. వచ్చింది దానికి రెట్టింపు పైన. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో కొత్త రికార్డు మీద ఉంది. నది మట్టం పెరిగితే కాలువ నీరు ఎగదన్నుతుంది. మళ్లింపు కాలువ గట్టు మూడుచోట్ల తెగి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. వాగు వరదనూ నది వరదనూ రెండు వేరు వేరు ఘటనలుగా భావించి, ‘రెండూ ఒకేసారి రావడం బహు అరుదు’ అని గుణించుకుంటే లెక్క తప్పేది ఇక్కడే. ఒకే వాయుగుండం రెండింటినీ నింపినప్పుడు అవి స్వతంత్ర ఘటనలు కావు.

గోదావరి తీరంలో ఈ జోడీ ఇంకో తీరుగా ఉంటుంది. గోదావరికి పెద్ద వరద వచ్చేది ప్రాణహిత, ఇంద్రావతి, శబరి పరీవాహకాల నుంచి, ఎక్కువగా జులై ఆగస్టుల్లో. అల్పపీడనం తీరం దాటి వాయవ్యంగా కదిలితే రాజమహేంద్రవరంలో వాన ముందు పడుతుంది, అదే అల్పపీడనం ఎగువన కురిపించిన నీరు నదిలో దిగి ధవళేశ్వరం చేరేసరికి రోజులు గడుస్తాయి. ఊరి నీరు అప్పటికే వెళ్లిపోయి ఉంటే ఫరవాలేదు. చిక్కంతా వెంటవెంటనే రెండు అల్పపీడనాలు వచ్చినప్పుడు. మొదటి దాని వరద నదిలో దిగుతుండగా రెండోదాని వాన ఊరి మీద పడుతుంది. గోదావరి మట్టం పెరిగితే నది నీరు ఊళ్లోకి రాకుండా ఊరి ఛానల్ చివర స్లూయిజ్ గేట్లు దించేస్తారు. దించాక ఆ ఛానల్ వాగు కాదు, మూత పెట్టిన తొట్టి. అప్పటి నుంచి ఊళ్లోని కంబాల చెరువు చుట్టుపక్కల ఎంత మునుగుతుందన్నది మోటార్ల శక్తి మీద ఆధారపడుతుంది. ఇక్కడ గరిష్ఠ ప్రవాహం కంటే గేట్లు మూసి ఉన్న మొత్తం గంటల్లో పడ్డ వాన పరిమాణమే అసలు అంకె. హేతుబద్ధ సూత్రం ఈ అంకెను ఇవ్వదు. గోదావరి రెండో హెచ్చరిక పైన ఉన్న రోజులన్నిటినీ ఏరి, ఆ రోజుల్లో ఊరి వర్షపాతం ఎంతో విడిగా వరస కట్టాలి. ధవళేశ్వరం మట్టాలూ రాజమహేంద్రవరం వర్షపాతమూ రెండూ కాగితం మీద ఉన్నాయి కాబట్టి ఇది చేయదగ్గ పనే.

అక్టోబరు నవంబరుల్లో కథ మారుతుంది. అప్పటికి నది తగ్గి రాజమహేంద్రవరం గేట్లు తెరిచే ఉంటాయి. కాని డెల్టాను తుపానులు పట్టే కాలం అదే. 2020 అక్టోబరులో తమ్మిలేరు ఏలూరు కాలనీలను ముంచినప్పుడు గోదావరికి దానితో సంబంధం లేదు. భీమవరంలో యనమదుర్రు పరిస్థితి సముద్రాన్ని బట్టి ఉంటుంది. పోటు సమయంలో, అందులోనూ తుపాను గాలి తీరం వైపు నీటిని నెట్టినప్పుడు, డ్రెయిను వాలు దాదాపు మాయమవుతుంది. తమ్మిలేరు, బుడమేరు రెండూ చేరే కొల్లేటికి సముద్రంలోకి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. కొల్లేటి మట్టం పెరిగితే ఏలూరు దిగువన నీరు కదలదు. 1964 ముంపు తరవాత వేసిన మిత్రా కమిటీ కృష్ణా గోదావరి డెల్టాల డ్రెయిన్ల మీదే దృష్టి పెట్టింది. ఆ పనుల ఖర్చు కోసం 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం కూడా వచ్చింది. అయితే ఆ డ్రెయిన్ల డిజైను వరి చేలను ఉద్దేశించింది. నాట్లు వేసిన చేను రెండు మూడు రోజుల ముంపును తట్టుకుంటుంది కాబట్టి నీటిని నిదానంగా తీసినా సరిపోతుంది. అవే డ్రెయిన్లు ఇప్పుడు పట్టణాల నీటిని మోస్తున్నాయి. ఇళ్లు మూడు రోజులు ఆగవు.

వరద గుర్తు నుంచి ప్రవాహం

కొలత పరికరం లేని వాగులో వరద పోయాక ప్రవాహాన్ని లెక్కకట్టే మార్గం గోడల మీద మిగిలిన బురద గీతలు. రెండు మూడు చోట్ల గీతల ఎత్తులు లెవెల్ యంత్రంతో తీసి, నీటి వాలు, కాలువ కోత వైశాల్యం తెలుసుకుని మ్యానింగ్ సూత్రంలో వేస్తారు. పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు, అయిదు వేలకు ఒకటి వాలు ఉన్న డ్రెయిను శుభ్రంగా ఉంటే సెకనుకు 12 ఘనపు మీటర్లు మోస్తుంది. పైన చెప్పిన శివారు ముక్క చేలుగా ఉన్నప్పుడు దానికి అది సరిగ్గా సరిపోయేది. అదే డ్రెయినులో గుర్రపుడెక్క అల్లుకుంటే గరుకుదనం రెట్టింపై మోసేది 6కు పడిపోతుంది. గోడ మీద గీత ఎత్తు రెండు సందర్భాల్లోనూ ఒకటే. గీతను చూసి ‘ఈసారి పెద్ద వరద’ అని రాసుకుంటే, నిజానికి వచ్చింది మామూలు వరదే, కాలువలోని డెక్క వల్ల నీటి ఎత్తు పెరిగిందీ కావచ్చు.

అందుకే గుర్తుతో పాటు ఆ రోజు పరిస్థితీ రాసిపెట్టుకోవాలి: డెక్క తీశారా లేదా, స్లూయిజ్ ఏ గంటకు దించారు, ఎన్ని మోటార్లు నడిచాయి, కరెంటు ఎప్పుడు పోయింది, ధవళేశ్వరం గేజి ఎంతుంది, సముద్రం పోటు మీదుందా ఆటు మీదుందా, ఎగువన ఎక్కడైనా గట్టు తెగిందా. గట్టు తెగితే దిగువ గుర్తు తక్కువ చూపిస్తుంది; గట్టు బలపరిచాక అదే వరద మళ్లీ వస్తే అక్కడ ఎక్కువ ఎత్తు కనబడుతుంది. ఈ వివరాలు లేని వరద గుర్తును పునరావృతి వరసలో చేర్చలేరు. బురద గీతలు సున్నం వేసేదాకానే ఉంటాయి. మన ఊళ్లలో ఆ పని సంక్రాంతి ముందు తప్పకుండా జరుగుతుంది కాబట్టి, అక్టోబరు వరదకైతే సర్వే చేయడానికి మూడు నెలల గడువు కూడా పూర్తిగా దొరకదు.